ఏసీ నీటి కింద నేలుసిరి

గరివిడి స్టేషను రోడ్డులో మా ల్యాబు వెనక
ఏసీ పైపు కారే చోట
జానెడు నేల ఎండల్లోనూ తడిగానే ఉంటుంది.
అక్కడ మొలిచింది నేలుసిరి.
రెమ్మ వెంట, ఆకుల చాటున
ఆవగింజలంత కాయలు,
ఎవరో ఓపిగ్గా దండ గుచ్చినట్టు.

తుడిచే సన్నెమ్మ పీకబోయింది.
ఆపింది నేను కాదు.
"ఒలే, ముట్టకు. మందది"
అని గోడవతల నుంచి దాలమ్మ,
తల మీద తట్టతో.

ఇప్పపూలు రాలే రోజుల్లో,
వేపపూత నడిచేవాళ్ల జుట్టులో పడే రోజుల్లో
ఆదివారం, గురువారం, పొద్దు పొడవకముందే
దాలమ్మ అరుగు ముందు మనుషులు,
పరగడుపున, మాటా పలుకూ లేకుండా.
నేలుసిరి వేళ్లతో సహా,
గుంటగలగర గుప్పెడు,
అటికమామిడి కొంచెం,
నేలవేము ఎంతో మాత్రం చెప్పదు.
పొత్రం కింద అన్నీ కలిసి ఒకే పచ్చన.
మేకపాలలో కలిపి ఇస్తుంది.
డబ్బు పుచ్చుకోదు,
పుచ్చుకుంటే పసరు పారదట.

"సలికాలమంతా ఏటేటో తిన్నాం, తాగినాం.
ఇల్లలికినట్టు లోపల్నీ అలకాల గదేటి"
అంటుంది.
నేను కాలేయం అని చదువుకున్నాను.
ఆమె కార్జం అంటుంది,
అరచేతిలో పెట్టి బరువు చూస్తున్నట్టు.

నేనూ తాగాను ఒక గురువారం.
చేదు నాలుక వెనక చతికిలబడి
మధ్యాహ్నం దాకా లేవలేదు.
పనిచేసిందా అంటే ఏం చెప్పను,
నా రీడింగు మునుపూ బాగానే ఉండేది.

కళ్లు పసుపునీళ్లలో ముంచుకుని
బట్టీ దగ్గర పనిచేసే తవుడు వచ్చాడు.
"ముందు ఆ గుంటకి రగతమిచ్చి రా"
అని దాలమ్మే పంపింది.
తొమ్మిది పాయింట్ రెండు.
కాగితం చదవడం రాని దాలమ్మ
నా మొహం చదివింది.
పత్తెం చెప్పింది, ఉప్పు లేదు, నూనె లేదు,
చింతపండు పేరెత్తకూడదు.
మూడో వారానికి నాలుగు.
ఆ సంతోషం పట్టలేక తవుడు తాగాడు.
ఐదో వారం పదమూడు.

"పగలు నా పసరు, రేత్రి ఆడి సారా.
నా ఆకు దేంతోటి దెబ్బలాడాలమ్మా?"
అని నన్నే అడిగింది.
జవాబు కోసం ఆగలేదు.
ఆటో తనే మాట్లాడి
విజయనగరం పెద్దాసుపత్రికి ఎక్కించింది.
కొంగుముడి విప్పి రెండు వందలు
తవుడి పెళ్లాం గుప్పిట్లో పెట్టింది,
ఎవరూ చూడలేదనుకుని.

"మీ ఊళ్లో గట్లు లేవా, ఇంత దూరం వస్తావు?"
అన్నాను ఒకరోజు.
ఆదివారం తీసుకెళ్లి చూపించింది.
మొక్కజొన్న మళ్ల మధ్య,
మాంగనీసు తవ్వి వదిలేసిన గుంటల అంచున,
గడ్డిమందు కొట్టిన గట్లు
కాలి ఆరిన చుట్టల్లా పడి ఉన్నాయి.
బతికున్న ఒక్క రెమ్మను తుంచి
వాసన చూసింది.
పారేసి, చేతులు చీరకి రెండుసార్లు తుడుచుకుంది.
"ఇది నూరిపోస్తే కార్జం కడగడం కాదమ్మా,
పీకీడమే."

అందుకని ఇప్పుడు ఈ జానెడు నేల.
నేను తలుపు తీసేసరికే వచ్చి పోతుంది.
అన్నీ కోయదు. కాయ ముదిరినదాన్ని
ఒకదాన్ని ఒగ్గేస్తుంది.
మా ఏసీ మనుషుల కోసం కాదు,
మిషను వేడెక్కకూడదని.
కరెంటు పోతే రీజెంట్లు ఫ్రిజ్జులో సర్ది
చెంబుతో నీళ్లు పట్టుకుని వెనక్కి వెళ్తాను.
ఓనరు అడిగితే చెయ్యి కడుక్కోవడానికంటాను.

తవుడి కబురు ఇంకా రాలేదు.
దాలమ్మ అడగదు, నేనూ అడగను.
విరిగిన టెస్ట్‌ట్యూబుల స్టాండొకటి
మొక్క చుట్టూ కంచెగా పెట్టాను.
సన్నెమ్మ దాని మీద
తడిగుడ్డ ఆరేస్తోంది.